రక్తం గడ్డకట్టే పరీక్షలు, ప్లేట్‌లెట్ కౌంట్: శాంపిల్ ప్రయాణం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

రక్తం గడ్డకట్టే పరీక్షలు చేసే బల్ల దగ్గర పనిచేస్తూ కొన్నేళ్లుగా ఫోన్లోనూ, కౌంటర్ దగ్గరా వింటున్న ప్రశ్నలివి. డెంగీ రోజుల్లో ఒకలా వస్తాయి, గుండె వాల్వ్ మార్పించుకున్నవాళ్ల ఇళ్ల నుంచి ఇంకోలా వస్తాయి. అసలు సందేహం మాత్రం ఒకటే: నిన్న ఒక నంబరు, ఇవాళ ఇంకో నంబరు, ఏది నమ్మాలి? సూది గుచ్చిన క్షణం నుంచి మెషీన్‌లో పెట్టేదాకా ఆ ట్యూబు ఎలా ప్రయాణం చేసిందో తెలిస్తే చాలాసార్లు జవాబు దొరుకుతుంది. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకునేలా రాశాను, అందుకే కొన్ని మాటలు రెండుసార్లు కనిపిస్తాయి. మందు మోతాదు మార్చాలా వద్దా అన్నది మీ డాక్టరుగారే చెప్పాలి.

## శాంపిల్ తీసేటప్పుడు

పీటీ ఐఎన్ఆర్‌కి నీలం మూత ట్యూబే ఎందుకు? మిగతా టెస్టులకి తీసిన రక్తంలోంచే చెయ్యొచ్చు కదా?

పీటీ ఐఎన్ఆర్ అంటే రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే పరీక్ష, రక్తం పల్చబరిచే మందు వాడేవాళ్లకి ఎక్కువగా చేస్తారు. ఒంట్లోంచి బయటికి వచ్చిన రక్తం కొన్ని నిమిషాల్లోనే గడ్డకడుతుంది. దానికి కాల్షియం కావాలి. నీలం మూత ట్యూబులో 3.2% సోడియం సిట్రేట్ ద్రవం ఉంటుంది. అది కాల్షియాన్ని పట్టి ఉంచుతుంది కాబట్టి రక్తం గడ్డకట్టకుండా ఆగుతుంది. ల్యాబ్‌లో మేము లెక్క ప్రకారం కాల్షియం మళ్లీ కలిపి, ఎన్ని సెకన్లలో గడ్డ ఏర్పడుతుందో చూస్తాం. ఊదా మూత ట్యూబులోని ఈడీటీఏ కూడా కాల్షియాన్ని పట్టేస్తుంది గానీ దాని పట్టు మరీ గట్టిది, పైగా అందులో ఫ్యాక్టర్ 5, ఫ్యాక్టర్ 8 అనే గడ్డకట్టించే ప్రోటీన్లు త్వరగా పాడవుతాయి. కణాలు లెక్కపెట్టడానికి అది మంచిది, గడ్డకట్టే పరీక్షకి పనికిరాదు. ఎర్ర మూత ట్యూబులో రక్తం అప్పటికే గడ్డకట్టి ఉంటుంది, ఇక కొలవడానికి ఏమీ మిగలదు.

నీలం ట్యూబు గీత దాకా నిండలేదని అమ్మకి మళ్లీ సూది గుచ్చారు. కొంచెం తక్కువైతే ఏమవుతుంది?

ఈ ట్యూబులో 9 వంతుల రక్తానికి 1 వంతు సిట్రేట్ ఉండాలి. 3 మి.లీ. గీత ఉన్న ట్యూబైతే 0.3 మి.లీ. సిట్రేట్, 2.7 మి.లీ. రక్తం. రక్తం తగ్గినా సిట్రేట్ తగ్గదు. మిగిలిపోయిన సిట్రేట్, మేము కలిపే కాల్షియాన్ని కూడా మింగేస్తుంది. గడ్డ ఆలస్యంగా ఏర్పడుతుంది, ఐఎన్ఆర్ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది.

అసలు ప్రమాదం ఆ తర్వాత ఉంది. రక్తం మరీ పల్చబడిందనుకుని డాక్టరు రక్తం పల్చబరిచే మందు తగ్గిస్తారు. కృత్రిమ వాల్వ్ ఉన్న మనిషికి మందు తగ్గితే వాల్వ్ మీద గడ్డ కట్టొచ్చు, అది మెదడుకి వెళ్తే పక్షవాతం. ఒకసారి ఒక కలెక్షన్ పాయింట్ నుంచి వచ్చిన ట్యూబు సగానికి కాస్త పైన మాత్రమే నిండి ఉంది. అప్పటికే అందులో ఐఎన్ఆర్ చేసి 4 దాటిందని చెప్పేశారు. పట్టుబట్టి మళ్లీ తెప్పిస్తే 2.8 వచ్చింది. ఆ రోజు నుంచి ట్యూబు ఎత్తి గీత చూడకుండా మెషీన్‌లో పెట్టడం నాకు చేతకాదు. 90% కంటే తక్కువ నిండిన ట్యూబుని వెనక్కి పంపడమే సరైన పద్ధతి. రెండో సూది బాధే, కానీ అది అమ్మ మంచికే.

బటర్‌ఫ్లై సూదితో తీస్తూ మొదటి ట్యూబు కాస్త నింపి పక్కన పడేశారు. రక్తం వృథా చేసినట్టే కదా?

కాదు. బటర్‌ఫ్లై సూదికి ఉండే సన్నని గొట్టంలో గాలి ఉంటుంది. నీలం ట్యూబు మొదటే తగిలిస్తే ఆ గాలి ట్యూబులోకి వెళ్లి, రక్తం గీత దాకా చేరదు. అందుకే ముందు ఒక ట్యూబుతో గాలి తీసేస్తారు. వరస కూడా ముఖ్యం: నీలం ముందు, ఎర్ర మూతది తర్వాత, ఊదా ఇంకా తర్వాత. ఊదా ట్యూబులోని ఈడీటీఏ సూదికి అంటుకుని నీలం ట్యూబులో పడితే ఫలితం తప్పుతుంది.

సెలైన్ ఎక్కుతున్న చేతి నుంచే రక్తం తీశారు. ఫర్వాలేదా?

ఫర్వా ఉంది. సెలైన్ కలిసిన రక్తం పల్చనవుతుంది, ప్లేట్‌లెట్లు నిజంగా పడిపోకపోయినా పడిపోయినట్టు కనిపిస్తాయి. హిమోగ్లోబిన్, తెల్లకణాలు కూడా ఒకేసారి తగ్గి కనిపిస్తే మాకు ముందు వచ్చే అనుమానం ఇదే. సెంట్రల్ లైన్ (పెద్ద నరంలో పెట్టిన గొట్టం) నుంచి తీస్తే ఇంకో చిక్కు: ఆ గొట్టం మూసుకుపోకుండా హెపారిన్ అనే గడ్డకట్టనివ్వని మందు ఎక్కించి ఉంటారు, దాని చుక్క కలిసినా ఏపీటీటీ (గడ్డకట్టే సమయం చూసే ఇంకో పరీక్ష) విపరీతంగా పెరిగిపోతుంది. రెండో చేతి నుంచి తీయమని అడగండి.

మా పాప గుండెజబ్బుతో నీలంగా పుట్టింది. ఆమెకి మామూలు నీలం ట్యూబు వద్దన్నారు. ఎందుకు?

ఆక్సిజన్ తక్కువగా అందే పిల్లల్లో ఎర్రకణాలు బాగా పెరుగుతాయి. రిపోర్టులో పీసీవీ, అంటే రక్తంలో ఎర్రకణాలు ఆక్రమించే వంతు, 55% దాటి ఉంటుంది. ఎర్రకణాలు అంత చోటు ఆక్రమిస్తే ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవభాగం, తగ్గుతుంది. సిట్రేట్ కలిసేది ప్లాస్మాలోనే కాబట్టి, ట్యూబు గీత దాకా నిండినా సిట్రేట్ ఎక్కువైనట్టే లెక్క. పాపకి రక్తస్రావం అయ్యే గుణం ఉందని రిపోర్టు తప్పుగా చెబుతుంది, సర్జరీ వాయిదా పడొచ్చు. అందుకని పీసీవీని బట్టి లెక్కగట్టి, ట్యూబులోంచి కొంత సిట్రేట్ తీసేసి రక్తం పట్టాలి. మీరు బయటి ల్యాబ్‌లో శాంపిల్ ఇస్తుంటే, పాపకి పీసీవీ ఎక్కువని ముందే చెప్పండి. ఇది మీరు చెబితే తప్ప వాళ్లకి తెలిసే దారి లేదు.

ట్యూబుని అటూ ఇటూ తిప్పుతున్నారు, గట్టిగా ఊపితే ఇంకా బాగా కలుస్తుంది కదా?

ఊపకూడదు. నీలం ట్యూబుని 3, 4 సార్లు, ఊదా ట్యూబుని 8 నుంచి 10 సార్లు మెల్లగా తలకిందులు చేస్తే చాలు. గట్టిగా ఊపితే ఎర్రకణాలు పగులుతాయి, ప్లేట్‌లెట్లు రెచ్చిపోతాయి. అసలు కలపకపోతే అడుగున చిన్న గడ్డ కడుతుంది.

## దారిలో

కలెక్షన్ సెంటర్ మా ఊళ్లో ఉంది, ల్యాబ్ హైదరాబాద్‌లో ఉంది. ఎన్ని గంటల్లోపు చేరాలి?

ఏ పరీక్ష అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఈ ఒక్క మాట కలెక్షన్ సెంటర్లలో గోడ మీద రాసి పెట్టాలని నా కోరిక.

పీటీ ఐఎన్ఆర్ కాస్త ఓర్పున్న పరీక్ష. మూత తీయకుండా, గది ఉష్ణోగ్రతలో ఉంచితే 24 గంటల దాకా ఫలితం నమ్మొచ్చు. ఒంట్లో గడ్డ కట్టి కరిగిందేమో చూసే డీ-డైమర్ కూడా దాదాపు అంతే. ఏపీటీటీ అలా కాదు, 4 గంటల్లో పరీక్ష అయిపోవాలి. ఫ్యాక్టర్ 8, ఫ్యాక్టర్ 9, వాన్ విల్‌బ్రాండ్ (ప్లేట్‌లెట్లు అతుక్కోవడానికి సాయపడే ప్రోటీన్) లాంటి పరీక్షలకీ 4 గంటలే గడువు. ఊదా ట్యూబులోని ప్లేట్‌లెట్ కౌంట్ 24 గంటలు నిలుస్తుంది గానీ, స్లైడ్ వేసి మైక్రోస్కోప్ కింద చూడాలంటే తీసిన కొద్ది గంటల్లోనే వేయాలి. ఆలస్యమైతే కణాల రూపం మారిపోతుంది.

ఇప్పుడు లెక్క చూడండి. నల్గొండలో ఉదయం 7 గంటలకి తీసిన శాంపిల్ పికప్ బాయ్ చేతికి 10 గంటలకి వస్తే, హైదరాబాద్ చేరేసరికి మధ్యాహ్నం దాటుతుంది. ఐఎన్ఆర్‌కి ఇబ్బంది లేదు. అదే ట్యూబులో ఏపీటీటీ కూడా రాసి ఉంటే అప్పటికే గడువు దాటిపోయింది. ఏపీటీటీ కావాలంటే ఊళ్లోనే ప్లాస్మా వేరుచేసి ఫ్రీజ్ చేసి పంపాలి, లేదా మనిషే ల్యాబ్‌కి వెళ్లాలి. 2018లో మొదలైన తెలంగాణ డయాగ్నస్టిక్స్ అయినా, ప్రైవేటు ల్యాబులైనా శాంపిల్ ఒకచోట తీసి ఇంకోచోట పరీక్షించే పద్ధతి ఇవాళ అందరిదీ. ఆ పద్ధతి తప్పు కాదు, గడియారం చూసుకుంటే బాగానే నడుస్తుంది.

పాలు, కూరగాయలు ఫ్రిజ్‌లో పెడితే పాడవవు. రక్తం శాంపిల్ కూడా ఐస్ డబ్బాలో పంపితే మంచిదే కదా?

నేను ఎక్కువసార్లు చూసిన తప్పు ఇది. మంచి మనసుతో చేసేది కావడంతో ఆపడం ఇంకా కష్టం. పంపినవాళ్లు శ్రద్ధగా ఐస్ పేర్చి మరీ పంపుతారు.

నీలం ట్యూబులోని రక్తాన్ని, అంటే ప్లాస్మా వేరుచేయని రక్తాన్ని, చల్లగా పెడితే మూడు రకాల నష్టం. మొదటిది, చలికి ఫ్యాక్టర్ 7 తనంతట తానే చురుకవుతుంది. దాంతో పీటీ తగ్గి, ఐఎన్ఆర్ ఉన్నదానికంటే తక్కువగా కనిపించవచ్చు. రెండోది, ప్లేట్‌లెట్లు రెచ్చిపోయి ఆకారం మార్చుకుంటాయి. మూడోది అన్నిటికంటే బాధాకరమైనది: వాన్ విల్‌బ్రాండ్ ఫ్యాక్టర్, ఫ్యాక్టర్ 8 కొలతలు పడిపోతాయి. నెలసరిలో ఎక్కువ రక్తం పోతోందని పరీక్షకి వచ్చిన అమ్మాయి శాంపిల్ 4 గంటలు ఐస్ మీద కూర్చుంటే, ఆమెకి లేని వాన్ విల్‌బ్రాండ్ జబ్బు (రక్తస్రావం త్వరగా ఆగని జబ్బు) ఉన్నట్టు కాగితం మీద పడుతుంది. పుట్టుకతో వచ్చే జబ్బు కాబట్టి ఆ పేరు ఆమె పెళ్లి మాటల దాకా, కాన్పు దాకా, అక్కచెల్లెళ్ల దాకా వెంటాడుతుంది. ఇలాంటి రిపోర్టు మీ ఇంట్లో ఉంటే, శాంపిల్ ఎలా ప్రయాణించిందో కనుక్కుని, ల్యాబ్‌కే వెళ్లి రక్తమిచ్చి ఇంకోసారి చూపించుకోవడం న్యాయం.

ఈ ట్యూబుకి 18 నుంచి 25 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది. షుగర్, హార్మోన్ పరీక్షల ట్యూబులు ఐస్ డబ్బాలో వెళ్తున్నా నీలం ట్యూబు విడిగా వెళ్లాలి.

మరి ఎండాకాలం 45 డిగ్రీల్లో బైక్ డబ్బాలో పెట్టి తీసుకెళ్తున్నారు. అది పర్లేదా?

అదీ చెరుపే. రెంటచింతల, రామగుండం వైపు మే నెల మధ్యాహ్నం ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఎండలో నిలిపిన బండి డబ్బాలో వేడి బయటికంటే ఇంకా ఎక్కువ. ఫ్యాక్టర్ 5, ఫ్యాక్టర్ 8 వేడికి తట్టుకోలేవు, అవి తగ్గితే ఏపీటీటీ పెరుగుతుంది. మరీ ఎక్కువ వేడి తగిలితే ఎర్రకణాలు ముక్కలవుతాయి. ఆ ముక్కలు సైజులో ప్లేట్‌లెట్లంత ఉండటంతో మెషీన్ వాటినీ ప్లేట్‌లెట్లుగా లెక్కపెడుతుంది. నిజంగా తక్కువున్న కౌంట్ బాగున్నట్టు చూపిస్తుంది, ఇది చాలా ప్రమాదం.

థర్మాకోల్ డబ్బా వాడటం, దానిలో గడ్డకట్టిన ఐస్ బదులు గది చల్లదనంలో ఉంచిన జెల్ ప్యాక్ పెట్టడం, అది కూడా ట్యూబుకి నేరుగా తగలకుండా గుడ్డ అడ్డం పెట్టడం మంచి పద్ధతి. డబ్బాలో చిన్న థర్మామీటర్ ఉంటే ఇంకా మంచిది. ఎండాకాలం ఈ పరీక్షలకి పొద్దున్నే ఇవ్వండి.

గుంతల రోడ్డు మీద కుదుపులకి రిపోర్టు మారుతుందా?

ఐఎన్ఆర్ మీద మామూలు కుదుపుల ప్రభావం పెద్దగా ఉండదు. ట్యూబు నిలువుగా, స్టాండులో కదలకుండా ఉండాలి, అంతే. ప్లేట్‌లెట్లు పనిచేసే తీరుని చూసే పరీక్షలకి మాత్రం కుదుపే శత్రువు. పెద్ద ఆస్పత్రుల్లో గొట్టాల్లోంచి గాలితో శాంపిల్ పంపే ఏర్పాటు ఉంటుంది. ఆ వేగానికి, ఆగేటప్పుడు తగిలే దెబ్బకి ప్లేట్‌లెట్లు ముందే రెచ్చిపోతాయి. అందుకే ఆ పరీక్షల ట్యూబుల్ని మనిషే చేత్తో పట్టుకెళ్లాలి.

డ్రోన్ మీద పంపితే?

2015లో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు 56 మంది ఆరోగ్యవంతుల రక్తాన్ని చిన్న డ్రోన్‌లో 6 నుంచి 38 నిమిషాల దాకా ఎగరేసి చూశారు. మామూలు రక్త పరీక్షల్లో, గడ్డకట్టే పరీక్షల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఎండా చలీ లేకుండా చూసుకుంటే గాల్లో ప్రయాణానికి భయపడక్కర్లేదు.

ప్లాస్మా వేరుచేసి ఫ్రీజ్ చేసి పంపుతామన్నారు. అది నమ్మకమైన పద్ధతేనా?

సరిగ్గా చేస్తే దూరపు ఊళ్లకి ఇంతకంటే మంచి దారి లేదు. ఆ "సరిగ్గా" అన్న మాటలో చాలా పని ఉంది.

ముందు ట్యూబుని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి పైన తేరిన ప్లాస్మాని తీస్తారు. దాన్ని ఇంకో ప్లాస్టిక్ ట్యూబులో పోసి రెండోసారి తిప్పాలి, అడుగున కొంచెం వదిలేసి పైదే తీసుకోవాలి. రెండోసారి ఎందుకంటే, ప్లాస్మాలో ప్లేట్‌లెట్లు మైక్రోలీటరుకి 10 వేల కంటే తక్కువ ఉండాలి. మిగిలిపోయిన ప్లేట్‌లెట్లు ఫ్రీజర్‌లో పగిలి, లోపలి కొవ్వు పదార్థాన్ని బయటికి వదులుతాయి. మాటిమాటికీ గర్భం పోతున్న స్త్రీలకి చేసే లూపస్ యాంటీకోయాగ్యులెంట్ అనే యాంటీబాడీ పరీక్షని అది తప్పుదారి పట్టిస్తుంది. జబ్బు ఉన్నా లేనట్టు చూపిస్తుంది. ఒక్కసారి తిప్పి పంపేసే చోట్ల ఈ తప్పు ఎవరి కంటికీ కనబడదు, శాంపిల్ చూడ్డానికి శుభ్రంగానే ఉంటుంది.

వేరుచేసిన ప్లాస్మా మైనస్ 20 డిగ్రీల్లో 2 వారాలు, మైనస్ 70లో 6 నెలలు నిలుస్తుంది. దారిలో డ్రై ఐస్ మీద, మూత గట్టిగా బిగించి రావాలి. మూత వదులైతే డ్రై ఐస్ నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ లోపలికి చేరి ప్లాస్మా ఆమ్లత మారుతుంది. ల్యాబ్‌లో 37 డిగ్రీల నీళ్లలో కొద్ది నిమిషాల్లో కరిగించి, మెల్లగా కలిపి, వెంటనే పరీక్షించాలి. ఫ్రిజ్‌లో పెట్టి నెమ్మదిగా కరిగిస్తే ఫ్యాక్టర్ 8, గడ్డకి దారాలు అల్లే ఫైబ్రినోజెన్ తెల్లటి మడ్డిలా అడుగుకి దిగిపోతాయి.

దారిలో డ్రై ఐస్ అయిపోయి ప్లాస్మా కరిగింది. మళ్లీ ఫ్రీజ్ చేస్తే సరిపోతుందా?

సరిపోదు. ఒకసారి కరిగిన శాంపిల్‌ని పారేసి కొత్తది తీసుకోవాలి.

ల్యాబ్ దగ్గరే కాబట్టి నేనే ట్యూబు తీసుకెళ్తా. ఏం జాగ్రత్తలు?

జేబులో, బ్యాగు అడుగున వద్దు. మూత బిగించి, జిప్ కవర్లో పెట్టి, నిలువుగా ఉండేలా చిన్న డబ్బాలో పెట్టండి. ఐస్ వద్దు, కారు డ్యాష్‌బోర్డు మీద ఎండలో వద్దు. ట్యూబు మీద పేరు, వయసు, తీసిన టైము రాసి ఉన్నాయో లేదో బయల్దేరేముందే చూడండి. మధ్యలో భోజనానికి ఆగకండి.

## ల్యాబ్‌కి చేరాక

"శాంపిల్ క్లాట్ అయింది" అని ఫోన్ చేశారు. ఎవరిది తప్పు? నా రక్తంలోనే లోపమా?

మీ రక్తంలో లోపమేమీ కాదు. నరం దొరక్క రక్తం చుక్కచుక్కగా వచ్చినా, సిరంజీలో కాసేపు ఆగినా, ట్యూబు వెంటనే కలపకపోయినా లోపల చిన్న గడ్డ కడుతుంది. ఆ గడ్డలో ప్లేట్‌లెట్లు చిక్కుకుపోతాయి కాబట్టి కౌంట్ తప్పుగా తక్కువొస్తుంది. నీలం ట్యూబులో అయితే ఫైబ్రినోజెన్, ఫ్యాక్టర్లు ఖర్చయిపోతాయి, ఫలితం ఎటైనా పోవచ్చు. దీన్ని సరిచేసే పద్ధతేదీ లేదు. ఫోన్ చేసి చెప్పిన ల్యాబ్ మీద కోపం తెచ్చుకోకండి. చెప్పకుండా నంబరు వేసి పంపేసి ఉంటే నష్టం మీకే.

ఐసీయూలో నాన్నకి హెపారిన్ డ్రిప్ నడుస్తోంది. ఏపీటీటీ శాంపిల్ బయటి ల్యాబ్‌కి పంపొచ్చా?

వీలైనంతవరకు వద్దు, ఆస్పత్రిలోనే చేయించండి. ట్యూబులో ఉన్న ప్లేట్‌లెట్లు సమయం గడిచేకొద్దీ ఒక ప్రోటీన్‌ని వదులుతాయి, అది హెపారిన్‌ని పట్టేసి పనిచేయకుండా చేస్తుంది. అప్పుడు ఏపీటీటీ తక్కువగా కనిపిస్తుంది. మందు చాలడం లేదనుకుని డ్రిప్ పెంచితే నాన్నగారికి రక్తస్రావం కావచ్చు. తీసిన గంటలోపు ప్లాస్మా వేరుచేయాలి, 4 గంటల్లో పరీక్ష అయిపోవాలి. బయటికి పంపితే ఆ గంట దారిలోనే పోతుంది.

ప్లేట్‌లెట్ ఫంక్షన్ టెస్టుకి మమ్మల్నే ల్యాబ్‌కి రమ్మంటున్నారు. ఇంటికొచ్చి తీసుకోవచ్చు కదా?

ఈ పరీక్షలో ప్లేట్‌లెట్లు బతికి, పనిచేస్తూ ఉండాలి. గది ఉష్ణోగ్రతలో, కుదుపు లేకుండా ఉంచి, 4 గంటల్లోపు మొత్తం పరీక్ష ముగించాలి. ఇంటికొచ్చి తీస్తే సగం సమయం ట్రాఫిక్‌లో పోతుంది. అలాగే ఆస్పిరిన్, నొప్పి మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి. ఒక్క ఆస్పిరిన్ మాత్ర ప్రభావం ప్లేట్‌లెట్ జీవితకాలమంతా, అంటే 7 నుంచి 10 రోజులు ఉంటుంది. గుండెకి వేసుకునే ఆస్పిరిన్‌ని మాత్రం డాక్టరు చెప్పకుండా ఆపకండి.

## రిపోర్టు చేతికొచ్చాక

మా తమ్ముడికి డెంగీ. పొద్దున ఒక ల్యాబ్‌లో 48 వేలు, సాయంత్రం ఇంకో ల్యాబ్‌లో 39 వేలు. టెన్షన్‌గా ఉంది, ఏది నిజం?

రెండూ నిజం కావచ్చు. డెంగీలో జ్వరం తగ్గే రోజుల్లో ప్లేట్‌లెట్లు పడిపోవడం సహజం. దానికి తోడు కౌంట్ తక్కువున్నప్పుడు మెషీన్‌కీ మెషీన్‌కీ మధ్య కొన్ని వేల తేడా మామూలే. ట్యూబులో చిన్న గడ్డ ఉన్నా, సెలైన్ చేతి నుంచి తీసినా ఇంకా తగ్గుతుంది. ఒకే ల్యాబ్‌లో, ఒకే పద్ధతిలో చేయించి, రోజురోజుకీ ఎటు పోతోందో చూస్తే మనసు కుదుటపడుతుంది.

ఇంకో మాట, ఇది మనసారా చెబుతున్నా. డెంగీలో ప్రాణం మీదికి తెచ్చేది ఎక్కువగా రక్తనాళాల నుంచి ప్లాస్మా కారిపోవడం. అది పీసీవీ పెరగడంలో కనిపిస్తుంది. అన్నదమ్ములు, స్నేహితులు ప్లేట్‌లెట్ల కోసం వాట్సాప్‌లో మెసేజీలు పెడుతూ పీసీవీ అడగడం మర్చిపోతారు. రక్తస్రావం లేనివాళ్లకి ముందుజాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కించే విషయం కౌంట్ 10 వేల కంటే పడిపోతే ఆలోచించాలని మన జాతీయ మార్గదర్శకాలు చెబుతాయి. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మత్తుగా ఉండటం, మూత్రం తగ్గడం కనిపిస్తే కౌంట్ ఎంతున్నా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

నాకు జ్వరం లేదు, ఏమీ లేదు. హెల్త్ చెకప్‌లో ప్లేట్‌లెట్లు 62 వేలు, కింద "ప్లేట్‌లెట్ క్లంప్స్" అని రాశారు. ఇది క్యాన్సరా?

ముందు ఊపిరి పీల్చుకోండి. "క్లంప్స్" అంటే ప్లేట్‌లెట్లు గుంపులుగా అతుక్కున్నాయని. మెషీన్ ఒక్కో గుంపుని ఒక్క కణంగా లెక్కపెడుతుంది, లేదా తెల్లకణం అనుకుంటుంది. అందుకే కౌంట్ తప్పుగా తక్కువొస్తుంది. వెయ్యి మందిలో దాదాపు ఒకరికి ఊదా ట్యూబులోని ఈడీటీఏ తగలగానే ప్లేట్‌లెట్లు ఇలా అతుక్కుంటాయి. ఒంట్లో అలా ఏమీ జరగదు, ట్యూబులోనే జరుగుతుంది.

ఇక్కడే ప్రయాణం సంగతి వస్తుంది. ఈ అతుక్కోవడం సమయం గడిచేకొద్దీ పెరుగుతుంది. తీసిన 10 నిమిషాల్లో చూస్తే 2 లక్షలు ఉండే మనిషికి, 5 గంటలు ప్రయాణించాక 60 వేలు రావొచ్చు. స్లైడ్ మీద గుంపులు కంటికి కనిపిస్తాయి, కాబట్టి స్లైడ్ చూసి చెప్పమని అడగండి. నీలం సిట్రేట్ ట్యూబులో మళ్లీ తీసి, వెంటనే కౌంట్ చేసి, వచ్చిన సంఖ్యని 1.1తో గుణించాలి, ఎందుకంటే సిట్రేట్ ద్రవం వల్ల రక్తం కొంచెం పల్చనవుతుంది. కొద్దిమందికి సిట్రేట్‌లోనూ అతుక్కుంటాయి. వాళ్లకి పక్కనే మెషీన్ పెట్టుకుని, తీసిన వెంటనే చూడటమే మార్గం. ఈ గుణం ఉందని తేలితే ఒక కాగితం మీద రాయించుకుని దగ్గరుంచుకోండి. ఇది తెలియక సర్జరీ ఆపేసినవాళ్లు, అక్కర్లేని స్టెరాయిడ్లు వాడినవాళ్లు ఉన్నారు.

ఎంపీవీ ఎక్కువ అని ఎర్ర అక్షరాల్లో వచ్చింది. భయపడాలా?

ఎంపీవీ అంటే ప్లేట్‌లెట్ల సగటు సైజు. ఊదా ట్యూబులో అవి గంటగంటకీ ఉబ్బుతాయి. దూరం నుంచి వచ్చిన శాంపిల్‌లో కొంచెం ఎక్కువుండటం వింత కాదు. కౌంట్ మామూలుగా ఉండి, మీకు ఇబ్బందేమీ లేకపోతే ఆ ఒక్క సంఖ్యకి అర్థం లేదు.

ఐఎన్ఆర్ ఒకచోట 2.4, ఇంకోచోట 2.7. రక్తం పల్చబరిచే అసిట్రోమ్ మోతాదు మార్చాలా?

ఈ తేడా మామూలే. ఒక్కో కంపెనీ రసాయనంతో సెకన్లు ఒక్కోలా వస్తాయి, అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 1983లో ఐఎన్ఆర్ లెక్కని తెచ్చింది. అయినా కొద్దిపాటి తేడా మిగులుతుంది. ఒకే ల్యాబ్‌కి వెళ్లడం మేలు. 2.4 ఉన్నది వారంలో 4.5 అయి, మధ్యలో కొత్త మందు గానీ, తిండిలో మార్పు గానీ, జ్వరం గానీ లేకపోతే మాత్రం మోతాదు మార్చేలోపు శాంపిల్‌ని అనుమానించి మళ్లీ ఇవ్వడం గురించి డాక్టరుతో మాట్లాడండి. రక్తస్రావం కనిపిస్తుంటే ఆగకుండా ఆస్పత్రికి వెళ్లండి.

వేలి మీద పొడిచి ఇంట్లోనే ఐఎన్ఆర్ చూసే మెషీన్ కొంటే ఈ గొడవంతా తప్పుతుందా?

ప్రయాణం గొడవ తప్పుతుంది, నిజమే. స్ట్రిప్పుల ఖర్చు, వాటిని వేడి తగలకుండా దాచుకోవడం మీ బాధ్యత అవుతుంది. బాగా రక్తహీనత ఉన్నవాళ్లకి, కొన్ని రకాల యాంటీబాడీలు ఉన్నవాళ్లకి ఫలితం తప్పొచ్చు. సంఖ్య మరీ ఎక్కువొస్తే నరం నుంచి తీసిన రక్తంతో సరిచూసుకోవాలి.

శాంపిల్ సరిగ్గా వెళ్లిందో లేదో రిపోర్టు చూసి నేనెలా తెలుసుకోవాలి?

పైన పేరు దగ్గర రెండు టైములు ఉంటాయి: శాంపిల్ తీసిన టైము, ల్యాబ్‌కి అందిన టైము. ఆ రెండింటి మధ్య తేడా చూడండి. ఏపీటీటీకి 6 గంటలు, ఐఎన్ఆర్‌కి ఒకటిన్నర రోజు కనిపిస్తే అడగాల్సిందే. కొన్నిచోట్ల కలెక్షన్ సెంటర్‌లో కంప్యూటర్‌లో ఎక్కించిన టైమునే తీసిన టైముగా వేస్తారు. కాబట్టి సూది గుచ్చినప్పుడు మీ ఫోన్లో టైము చూసి గుర్తుపెట్టుకోండి. కింద వ్యాఖ్యల్లో "క్లాటెడ్", "హీమోలైజ్డ్", "తక్కువ నిండింది" అన్న మాటలు ఉన్నాయేమో చదవండి. హీమోలైజ్డ్ అంటే ఎర్రకణాలు పగిలాయని. సందేహం ఉంటే రిపోర్టు మీద ఉన్న నంబరుకి ఫోన్ చేసి, గడ్డకట్టే పరీక్షలు చేసేవాళ్లతో మాట్లాడిస్తారా అని అడగండి. మేము ఆ ఫోన్ ఎత్తుతాం.